ఊపిరి బిగబట్టండి

రోడ్స్ ఆసుపత్రిలో అద్దానికి ఇవతల నా కుర్చీ.
అవతల, సొరంగంలో, సకెల్లారిస్.
కాలిమ్నోస్ నుంచి పొద్దుటి ఓడలో వచ్చాడు,
డెబ్బై రెండేళ్ళవాడు, కుడికాలు ఈడ్చుకుంటూ.
సముద్రం అడుగున స్పాంజీలు కోసి బతికాడట.
సగం కాలు అక్కడే వదిలేశానన్నాడు,
చిల్లర ఎక్కడో పారేసుకున్నవాడిలా.

ఒంట్లో ఇనుమేమైనా ఉందా అన్నాను.
అడగాలి, అయస్కాంతానికి మొహమాటం లేదు.
"సీసం మోశాను గానీ, ఇనుమెక్కడిది?"
అంటూనే మెడలో సిలువ తీసి నా అరచేతిలో పెట్టాడు.
దానికింకా ఒంటి వేడి ఉంది.

వంగి పడవతాడు ముడివేస్తుంటే
లోకం దీపం ఊదినట్టు ఆరిపోయిందట.
ఎడమకి తిరిగి పడుకుంటే ఆయాసం,
కుడికి తిరిగితే ఏమీ లేదు.
ద్వీపంలో డాక్టరు గుండె చప్పుడు వెనక
ఇంకో చప్పుడు విన్నాడు,
నీళ్ళలోకి రాయి జారినట్టు.
ఎకోలో, ఎడమ పైగదిలో, ఒక నీడ
తలుపుదాకా వచ్చి వెనక్కి పోతోంది.

గడ్డ అన్నారు.
ఏ గడ్డ?
నెత్తురు పేరుకున్నదా, కండ పెరిగినదా?
కండే అయితే సాధువా, గోడ కొరికి తినేదా?
అతని మేనకోడలు బయట బెంచీ మీద
ఆ మాటని నోట్లో తిప్పుకుంటోంది,
ఉమ్మలేక, మింగలేక.

"తీసుకోండి... వదలండి... ఇప్పుడు బిగబట్టండి."
గుండె బొమ్మ తీయాలంటే ఊపిరి కదలకూడదు.
పన్నెండు సెకన్లకే జనం దగ్గుతారు,
పక్కటెముకలు అలల్లా చెదిరిపోతాయి.
పన్నెండు. పదిహేను.
ఇక తీసుకోవచ్చండీ, అన్నాను.
తెరమీద ఊపిరిగీత చదునుగానే ఉంది.
ఇరవై. నలభై.
తీసుకోండి, సకెల్లారిస్ గారూ!
నా గొంతు నాకే కీచుగా వినబడింది.
నిమిషం దాటాక, తీరిగ్గా,
ఎవరికో దారి ఇస్తున్నట్టు వదిలాడు.
"తాడు లాగింది మీరా? తెలీలేదు," అన్నాడు మైకులో.

ఇరవయ్యేళ్ళ నా ఉద్యోగంలో
అంత నిలకడైన బొమ్మ చూడలేదు.
నాలుగు గదులూ కడిగిన గచ్చులా ఉన్నాయి.
రెండు పైగదుల నడిమి గోడనుంచి ఒక సన్నని కాడ,
కాడ చివర జిగురుగా ఊగే ముద్ద.
కవాటం తెరుచుకున్నప్పుడల్లా వాకిట్లోకి తొంగిచూసి
మూసేలోపు లోపలికి పరుగెత్తే పిల్ల.

"మందు ఎక్కించు," అంది డాక్టర్ మిర్సీని, నా భుజం వెనకనుంచి.
గడోలినియం చల్లగా నరంలో పాకింది.
నెత్తురుగడ్డయితే నల్లగానే ఉండిపోతుంది,
చచ్చినదానికి దాహం ఉండదు.
పది నిమిషాలు. ఆవిడ పెన్ను మూత తీస్తూ, పెడుతూ.
ముద్ద వెలిగింది.
అంతా కాదు, అక్కడక్కడా,
ఎండపడ్డ నీళ్ళ అడుగులా మచ్చలు మచ్చలుగా.
బతికున్నదే. తాగుతోంది.
కానీ గోడ చెక్కుచెదరలేదు, గుండె చుట్టూ నీరు చేరలేదు,
కాడ పట్టుకున్నచోట తప్ప ఎక్కడా వేరు దిగలేదు.
"మిక్సోమా అయివుంటుంది,"
అయివుంటుంది దగ్గర కాస్త ఆగి అంది మిర్సీని.
సాధువే. కాకపోతే గుమ్మంలో కూర్చుంది.
తునక తెగితే తలలోకే దారి.
కోసెయ్యాలి, త్వరగా.
పేరు ఖాయం చేసేది ఆ కోసిన ముక్కే.

"గట్టెక్కినట్టేనా?" మేనకోడలు.
"గట్టు కనబడుతోంది."

అతను బొమ్మ చూస్తానన్నాడు.
ఉప్పుకి పగిలిన వేలు కాడ మొదట్లో ఆనించి,
"ఇక్కడ కోస్తారా?"
"అక్కడే. కొంచెం గోడతో సహా."
"మేమైతే మొదలు కాస్త వదిలేసేవాళ్ళం," అన్నాడు,
"మళ్ళీ మొలవాలని."
మిర్సీని నవ్వలేదు.
"ఇది మొలవకూడదు."
తలూపాడు, పని తెలిసినవాళ్ళ మాట
పని తెలిసినవాడు విన్నట్టు.

సాయంత్రం కోటు జేబులో సిలువ తగిలింది.
మూడో అంతస్తుకి పరుగెత్తాను.
కుడిపక్కకి తిరిగి నిద్రపోతున్నాడు.
మేనకోడలి చేతిలో పెట్టి వెనక్కి తిరిగాను.
మెట్లు దిగుతూ, ఎవరూ చూడట్లేదు కదా అని,
నేనూ ఊపిరి బిగబట్టి చూశాను.
రెండో అంతస్తు దాటలేకపోయాను.