డైవింగ్ జాకెట్, ఎక్స్‌ట్రా స్మాల్

రాణిగంజ్‌లో పంపుసెట్ల షాపుల వెనక, మేడమీద
ఖుర్షీద్ భాయ్ తొడిగిన మొదటి జాకెట్
నన్నే తొడుక్కుంది.
గాలి నింపగానే భుజాలొదిలి
గడ్డం దాకా ఎగదన్నింది.

"పిల్లల సైజు చూడమంటారా?"
నలభై ఒక్క ఏళ్లు, నలభై మూడు కిలోలు.
ఎవరి కొలతకో కుట్టినవాటికి
పిన్నీసులు పెట్టుకు తిరిగినదాన్ని,
నవ్వి ఊరుకున్నా.

మూడోదాన్ని స్ప్రింగు కాటాకి తగిలించాడు:
రెండు కిలోలు, పైన చిల్లర.
నడుం పట్టీ లాగితే
కొస జానెడు మాత్రమే వేలాడింది.
ఊపిరి పీల్చాను.
పక్కటెముకల మీద అదీ కదిలింది, అడ్డు చెప్పకుండా.

సముద్రం లేని ఊళ్లో
సిటీ బస్సెక్కి సంచి ఒళ్లో పెట్టుకున్నా.
"ఏముందక్కా అందులో?" కండక్టరమ్మ.
"గాలి," అన్నా.
జీరో టికెట్ కొట్టి ముందుకెళ్లింది.