కళాయి

నాకప్పుడు పదకొండేళ్ళు.
గంగాళంలో దిగి నిలబడడం నా పని.
అడుగున ఇసుక, బూడిద, తడిపిన గోనెపట్టా.
గోడమేకు పట్టుకుని నడుం తిప్పుతూ
పాదాలతో రాగిని తోమాలి
పచ్చటి చిలుమంతా ఊడి
ఎర్రటి ఒళ్ళు కనబడేదాకా.
చూసేవాళ్ళు ఆట అనుకునేవారు.
మడమల్నడిగితే చెబుతాయి.

వెనకటి చలికాలంలో టెహరాను గవర్నరు
చక్కెర ధర పెరిగిందని వర్తకుల్ని పట్టుకొచ్చి
అరికాళ్ళ మీద బెత్తాలు విరగ్గొట్టించాడు.
వాళ్ళలో ఒకాయన తలపండిన ముసలివాడు.
ఆ రాత్రి మా ఉస్తాదు ఫైజుల్లా
నా పాదాలకు గొర్రెకొవ్వు రాస్తూ
ఏమీ మాట్లాడలేదు.
చాలాసేపు రాశాడు.

ఎండలు ముదిరాక బజారు మూసేశారు.
సొంత రాజుకు జడిసి
పరదేశపు రాయబారి తోటలో తలదాచుకున్నారు జనం.
సిగ్గే మరి! దాచిపెట్టి ఏం లాభం?
జీనులు కుట్టేవాళ్ళదో డేరా,
గడియారాలు బాగుచేసేవాళ్ళదో డేరా,
గింజలమ్మేవాళ్ళు, అద్దాలు కోసేవాళ్ళు,
పూట పూటకీ వేలమందికి అన్నం.
ఊళ్ళో ఉన్న గంగాళాలన్నీ అరువు తెచ్చారు.
అన్నీ పూత పోయినవే.
అందుకు వెళ్ళాం మేం ఆ తోటకి.
న్యాయం కోసం కాదు, కూలి కోసం.

చినారు చెట్టు కింద, బల్ల మీద
మీసమింకా సరిగా మొలవని విద్యార్థి ఒకడు
రోజూ ఒకే మాట విప్పి చెప్పేవాడు:
మష్రూతా.
రొట్టె చవకవుతుందట, అన్నాడు వంటవాడు.
పన్నులుండవట, అన్నాడు గింజలాయన.
ఉస్తాదు కొలిమి ఊదుతూనే అన్నాడు:
"షరతు తెలుసుగా? దాని కడుపున పుట్టిన మాటే.
గాడిదనమ్మితే షరతు, కొట్టు అద్దెకిస్తే షరతు,
పిల్లనిచ్చినా షరతు.
ఇన్నాళ్ళూ సింహాసనం ఒక్కటే
ఏ కాగితమూ లేకుండా మన మీద కూర్చుంది."

తర్వాత కాలిన రాగి మీద నవసాగరం చల్లాడు.
తెల్లటి పొగ కళ్ళల్లో పడింది.
తగరం ముక్క తాకించి, దూదితో ఒక్క తుడుపు.
గంగాళం లోపల చంద్రుడు పరుచుకున్నాడు.
"రాగి చెడ్డదేం కాదురా.
పూత లేని రాగిలో పులుసు నిలవుంచినవాడు చెడ్డవాడు."

మా అమ్మ గేటు దాకా వచ్చింది,
నల్ల చాదరుల గుంపులో ఒకతెగా.
లోపలికి రానివ్వలేదు.
బయటే నిలబడి వాళ్ళు అరిచిన అరుపులు
తోట లోపలి ఉపన్యాసాల కంటే గట్టిగా వినబడ్డాయి.
ఓటర్ల జాబితా రాసేనాడు
ఆ అరుపులు ఎవరికీ గుర్తులేవు.
అద్దె కట్టే దుకాణం ఉన్న మగాడికే ఓటన్నారు.
మా దుకాణం గాడిద వీపు.
"దానికి నెలనెలా గడ్డి అద్దె కడుతున్నా, రాసుకోండి"
అన్నాడు ఉస్తాదు.
గుమాస్తా నవ్వాడు. రాసుకోలేదు.

అయినా సంతకం పడిన రోజు
ఆయన మిఠాయి కొన్నాడు.
మంచమ్మీద చావుకు దగ్గరైన రాజు
వణుకుతూ పెట్టిన సంతకమట.
ఆ వణుకు గురించే ఊరంతా మాట్లాడుకుంది.
నాకు మాత్రం మిఠాయి గుర్తుంది, పిస్తాలది.

రెండు వేసవులు తిరగకుండానే
కొత్త రాజు శాసనసభ మీదికి ఫిరంగులు తిప్పాడు.
పొగ చల్లారాక వెళ్ళాం.
కూలిన గోడ కింద
కావలివాళ్ళ వంటగంగాళం ఒకటి,
పక్కకు నొక్కుకుపోయి,
పూతంతా కరిగి అడుగున ముద్దగట్టి.
ఉస్తాదు దాన్ని గాడిద మీద కట్టాడు.
ఎవరిదని ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చి సుత్తితో సొట్ట తీశాడు, పూర్తిగా పోలేదు.
"ఏటేటా పోస్తూనే ఉండాలా?" అన్నాను.
"వంట మానేస్తే అక్కర్లేదు."

ఇసుక పోశాడు. బూడిద పోశాడు.
నా కాళ్ళు పెరిగాయి, గంగాళం ఇరుకైంది.
పాదాలు కడుక్కుని
దిగాను.