పుర్రచెయ్యి

ప్రాణహిత ఒడ్డున పాటిదిబ్బ.
మా మామ బతికినన్నాళ్లు ఎడ్లబండి కట్టి
ఈ మన్నే తోలిండు మిరప చేనుకు.
మంచి మన్ను, బూడిద కలిసిన మన్ను.
ఎవల పొయ్యి బూడిదో ఎన్నడూ అడగలే.

ఇప్పుడు దానికి తాళ్లు గుంజి
గళ్లు గళ్లుగ కోస్తున్నరు నాగపూరోళ్లు.
గడ్డపార వద్దంట, సలుగు పార వద్దంట,
గరిటెంత తాపీ, పండ్లు తోమే కుంచె.
నాది జల్లెడ పని.
రోజుకు నాలుగు వందలు, చాయ్ వాళ్లదే.

మన్ను దిగుతది.
మిగిలేది పెంకు, బొక్క, నత్తగుల్ల.
ఒక్కోసారి ఏమీ మిగలదు,
అప్పుడు జల్లెడను బోర్లించి వీపు మీద కొడుత,
అలిగిన పిల్లను కొట్టినట్టు.

మంగళారం మిగిలింది చెకుముకి పలుకు.
చింతగింజ రంగు, నా బొటనవేలంత.
ఒక పక్క గరుకు,
ఇంకో పక్క అంచు పొడుగునా
నూనె రాసినట్టు మెరుపు.

దేవ్‌తళే మేడమ్ భూతద్దం పెట్టి చూసింది.
నాలుగు వేల ఏండ్ల పైమాటేనంట.
గడ్డో, కంకులో, కోసి కోసి వచ్చిన మెరుపంట.
గది నాకు చెప్పాల్నా?
మా చూరుల చెక్కిన కొడవలికి
వరికోతలు అయినంక గదే మెరుపు.

ఒక్కపాలి పట్టుకుంట అన్న.
కుడిచేతిల కుదరలే, అంచు నా దిక్కే తిరిగింది.
పుర్రచేతికి మార్చిన.
బొటనవేలికి గుంట దొరికింది,
ఎవలో ఆనించి ఆనించి అరగదీసిన గుంట.

ఈ చేత్తో వడ్డిస్తే మా అత్త గంటె గుంజుకునేది.
తలంబ్రాల కాడ అయ్యగారు
అందరి ముంగట నా చెయ్యి మార్చిండు.
కోతలప్పుడు ఇప్పటికీ వరుస కొసకే నా జాగ,
నా కొడవలి పక్కదాని కొడవలికి ఎదురొస్తదని.
నిన్ను కూడ కొసకే నిలబెట్టిండ్రా,
ఈ రాయి పట్టినదానా?
నీ అత్త ఏమన్నది?

డావా హాత్, మేడమ్, డావా హాత్ అన్న.
ఆమె రాత ఆపింది.
రాయిని అటొకసారి ఇటొకసారి తిప్పింది.
కాతాల గడి నంబరుంది, లోతుంది,
రంగుంది, పొడుగుంది, బరువుంది.
మళ్లీ బరువు కాడికే పోయింది.

సంచిల పడ్డంక చూసుకున్న, వేలు తెగింది.
నొప్పే తెల్వలే.
కొత్త బ్లేడుకు కూడ గంత మర్యాద ఉండదు.
పసుపు అద్ది, బట్ట చుట్టి, జల్లెడ అందుకున్న.

శనారం పగారు.
సంతకం రానోళ్లు ముద్ర వెయ్యాలె.
ముంచిన గదే వేలు సిరాల.
కాగితం మీద సుడి నడుమ
అడ్డంగ ఒక తెల్ల గీత.
"చెడిపోయింది, ఇంకోటి వెయ్యి" అన్నడు క్లర్కు.
వేసిన.
మళ్లీ గదే గీత.