ఏడు అమ్మది

మిష్కోల్ట్స్‌లో ఆ చలికాలం, నాలుగో అంతస్తులో,
మా అన్న బర్నబాష్ కంప్యూటర్ మూత విప్పి
లోపలికి తల దూర్చాడు. టార్చి పట్టడం నా వంతు.
సౌండ్ కార్డు పాతది. అమ్మినవాడు కాగితాలేవీ ఇవ్వలేదు,
పనిచేస్తుందన్న మాట తప్ప.

ఆటలో ఓడ కదులుతోంది. సముద్రం మూగది.
సెటప్ అడుగుతోంది: ఏ పోర్టు? ఏ ఐఆర్‌క్యూ? ఏ డీఎంఏ?
రెండువందల ఇరవై అన్నాడు, ఏడు అన్నాడు, ఒకటి అన్నాడు,
గుడ్డెద్దు చేలో పడ్డట్టు.

ఒక్క స్వరం మోగింది.
మోగి అక్కడే ఇరుక్కుంది,
తలుపు సందున వేలు నలిగిన అరుపులా.
తెర బిగుసుకుపోయింది.
పక్కింటి ఎతెల్కా గోడ మీద చెప్పుతో బాదింది.

మర్నాడు
అమ్మ ఉన్ని కొట్టు లెక్కలు ప్రింటు తీస్తుంటే
సగం వరసలో ప్రింటర్ ఆగిపోయింది.
అన్న చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది:
"ఏడు అమ్మది!
మనం రాకముందు నుంచీ అమ్మదే!"

అమ్మ కనుబొమలు సవరించుకునే పట్టకారుతో
వడ్లగింజంత నల్లముక్కని
ఏడు మీంచి పీకి ఐదు మీదికి మారుస్తుంటే
అది కాస్తా తివాచీలో పడింది.
ముగ్గురం మోకాళ్ల మీద. వెతికి తీసింది అమ్మే.

ఆ రాత్రి ఆటలో బాకాలు ఊదారు,
రేకుడబ్బాలోంచి వచ్చినట్టున్న బాకాలు.
అమ్మ తడిచేతులతో గుమ్మంలోకొచ్చి
"ఇంతేనా?" అంది.

అంది గానీ
ఓడ రేవు దాటేదాకా కదల్లేదు.
వంటింట్లో కుళాయి కారుతూనే ఉంది.