బరువు సున్నా

ముంగిసకు టోపీ కావాలన్నాడు జెరోమ్.
పెట్టుకుంటే బలం పెరగదు, వేగం పెరగదు,
పాము కాటు తగ్గదు.
ఊరికే, అందానికి.
వెల నలభై తొమ్మిది రూపాయలు.

పెరుంగుడిలో ఏడో అంతస్తు.
ఏసీ చలికి శాలువా కప్పుకుని
వారంలో ఐదు టోపీలు గీశాను.
ఓడ కెప్టెన్ టోపీ,
పెళ్లి బ్యాండులో బాకా ఊదేవాడి ఎర్ర టోపీ,
మెరీనాలో బఠాణీలమ్మేవాడి గొడుగు టోపీ,
సగానికి కోసిన తాటికాయ,
చివరికి విసుగొచ్చి, బోర్లించిన ఇడ్లీ పాత్ర.
"బాగుంది" అన్నాడు ఐదింటికీ.
బాగుంది అంటే వద్దని.

గురువారం తెల్లవారుజామున నాలుగింటికి
రూమ్మేటు వాళ్లక్క నిశ్చితార్థానికి మల్లెలు కొందామని
కోయంబేడు వెళ్లి, పూల వరస తప్పి
ఉల్లిపాయల వరసలో తేలాను.
అక్కడొకాయన
మెడ మీది తువ్వాలు తీసి, దులిపి,
రెండు చేతుల మధ్య మెలిపెట్టి,
పాము చుట్ట చుట్టుకున్నట్టు చుట్టి
నెత్తిన పెట్టుకున్నాడు.
అద్దం చూసుకోలేదు.
ఇద్దరు కలిసి మూట ఎత్తారు.
తల కదల్లేదు. మెడలో ఒక నరం మాత్రం
ఎవరో పిలిచినట్టు లేచి నిలబడింది.

దించి వచ్చాక అడిగాను,
వచ్చీరాని తమిళంలో, దీన్నేమంటారని.
"సుమ్మాడు" అన్నాడు ఏలుమలై.
మా సూళ్లూరుపేటలో చుట్టకుదురు.
ఆ మాటలో కుదురు ఎంత కుదురుగా కూర్చుందో
అప్పటిదాకా వినలేదు నేను.

ఫోటో తీసుకోనా అంటే ఎందుకన్నాడు.
ఆటలో ముంగిసకు టోపీ చెయ్యాలన్నాను.
"ముంగిస ఏం మోస్తుంది?"
ఏమీ మోయదు.
"మరెందుకు?"
నా దగ్గర జవాబు లేదు,
ఆయన దగ్గర తీరిక లేదు.
తువ్వాలు మడతలో దోపిన ఇత్తడి బిళ్ళ
మేస్త్రీకి చూపించి మళ్లీ మూట కిందికి వెళ్లాడు.
రెండు వందల పద్నాలుగు.

సాయంత్రానికి చుట్ట తయారు:
లేచిన నూలు పోగులు, చెమట మరక,
అంచున వెలిసిన ఎరుపు,
అంతా పద్నాలుగు వందల త్రిభుజాల్లో.
జెరోమ్ కుర్చీలోంచి లేచాడు.
"పాము! చంపిన పామును నెత్తిన చుట్టుకున్న ముంగిస!
ఎలా తట్టింది నీకు?"
అలా తట్టిందన్నాను.
మరక తీసేయమన్నాడు, తీసేశాను.
కొసన రెండు కళ్లు పెట్టమన్నాడు, పెట్టాను.
లోపలివైపు, తలకు ఆనుకునే చోట,
ఏ కెమెరా చేరని చోట
214 అని చెక్కి ఇంటికెళ్లాను.

విడుదలైన రోజు పదకొండు వేల ముంగిసలు
అది పెట్టుకుని గోడలు దూకాయట.

తర్వాత, ఆటల్లో తప్పులు పట్టే తేన్‌మొళి
నా బల్ల దగ్గరికొచ్చింది.
"ఆ టోపీ పెడితే ముంగిస మెడ
రెండు చుక్కలు కిందికి దిగుతోంది.
బరువు సున్నా అని రాశారు కదా?"

చూస్తానన్నాను.
మూడు వారాలైంది.
ఇంకా చూస్తూనే ఉన్నాను.