మిగతా పద్దెనిమిది

చిత్తూరులో రెండేళ్లు, తిరుపతిలో రెండేళ్లు.
కలిపితే నాలుగని చిన్నపిల్లలు కూడా చెప్తారు.
దాన్ని తేల్చడానికి
మూడు నెలలు, మంగళవారం మంగళవారం,
ఏసీ గది, ఉప్పు బిస్కెట్లు.

లెక్క కుదర్లేదు.

మీ సైగల డిప్లొమా అరవై క్రెడిట్లు
మా డిగ్రీలో నలభై రెండుకే సరి, అన్నారు తిరుపతివాళ్లు.
మిగతా పద్దెనిమిది యాడికి పోయినాయని
గుణశేఖర్ సారు బల్ల గుద్దాడు.
దామలచెరువు మండీలో కాయలు తూచినట్టే ఉంది:
బుట్ట బరువని కొంత, తరుగని కొంత,
రైతు తల తిప్పేలోపు ఇంకొంత.

నేను గది మూలన నిలబడున్నాను.
నల్ల చొక్కా. చేతులు తేటగా కనబడాలంటే
వెనక నలుపుండాలి.
ఆ మాట నేర్పింది దొరవేలు సారు.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు,
యంత్రాల హోరులో అందరూ గొంతు చించుకునే చోట
తాపీగా మాట్లాడిన ఒకే ఒక్క మనిషి.
పేరులోనే వేలుంది.
మా రెండేళ్ల చదువూ ఆ వేలు పట్టుకునే.

"వీరి క్వాలిఫికేషన్?"

అడిగింది నన్ను, ఆయన్ని కాదు.
నన్నడిగినా ఆ ప్రశ్న నాది కాదు.
ఉన్నదున్నట్టు చేతుల్లో పెట్టి ఆయనకిచ్చాను,
కాగితం మీంచి లేవని ఆ కళ్లతో సహా.

ఆయన నవ్వాడు. చేతులు లేచాయి.
నా నోరు "నేను" అంది.

నేనంటే ఆయన.
ఈ పనిలో "ఆయనంటున్నాడు" అనే మాట లేదు.
మన గొంతు ఇంకొకరికి అద్దెకిస్తాం,
అడ్వాన్సు లేకుండా.

"నేను పుట్టు చెవిటివాణ్ణి.
ఏడో తరగతి రెండుసార్లు తప్పినాను.
నా భార్య కాన్పుకి పెద్దాసుపత్రిలో
రాత్రంతా బయట బల్ల మీద కూర్చున్నాను.
తెల్లారి వార్డుబాయ్ వచ్చి
చెయ్యి అడ్డంగా ఊపినాడు.
ఇక్కడ కూర్చోవద్దంటున్నాడనుకొని
లేచి ఇంకో బల్ల మీద కూర్చున్నాను.
బిడ్డ లేదని చెప్పినాడంట."

నా గొంతు అక్కడ ఆగింది.
ఆగకూడదు.
ఆయన చేతులు ఆగలేదు, పరుగెత్తి అందుకున్నాను.

"ఆ అబ్బోడికి రెండు వారాలు నేర్పుంటే చాలు.
రెండేళ్లా నాలుగేళ్లా మీరు తేల్చుకోండి.
కానీ రెండేళ్లు చదివిన పిల్ల
నాతో ఆసుపత్రి దాకా వస్తుంది,
కోర్టు మెట్ల కాడ నిలబడిపోతుంది.
మిగతా మెట్లు మీరెక్కించండి.
ఎక్కించే ముందు దాని చేతిలోది లాక్కోవద్దండి."

ఆ పిల్లను నేనే.
నా గురించి నేనే చెప్తూ
ఆ గదిలో "నేను" అనలేకపోయాను.

ఎవరూ కళ్లు తుడుచుకోలేదు.
ప్రొఫెసర్ వకుళ కళ్లద్దాలు తీసి
పెన్ను పక్కన పెట్టి
నా వైపు కాదు, ఆయన వైపు తిరిగి
తడబడే చేతులతో అడిగింది:
కోర్టుకి మీ సైగ ఏంటి? మాది వేరే.
ఆయన కుర్చీ దగ్గరికి లాక్కొని
ఆవిడ బొటనవేలు సరిచేశాడు.
పది నిమిషాలు నాకు పని లేదు.
ఒక బిస్కెట్ తిన్నాను.

యాభై నాలుగుకి ఒప్పుకున్నారు.
ఆరు ఇంకా పెండింగు.
దొరవేలు సారు గురువారాలు తిరుపతిలో పాఠం చెప్పాలన్నారు,
జీతం ఏ పద్దులో అన్నది రాయలేదు.

జూలైలో మూడో ఏడాది.
చిత్తూరు బస్టాండు, చంద్రగిరి మీదుగా పోయే బస్సు.
కిటికీ తెరుచుకోదు. బయట వాన, లోపల ఇంజను.
పక్క సీటావిడ అద్దం మీద కొడుతూ
ఏదో అరుస్తోంది, కింద వాళ్లాయన చెవికి చెయ్యి పెట్టి
ఏందే, ఏందే అంటున్నాడు.

ఆ వెనక గొడుగు చంకలో ఇరికించుకొని
రెండు చేతులూ ఖాళీ చేసుకొని మా సారు.
బస్సు మలుపు తిరిగేదాకా
మేమిద్దరం పూర్తి వాక్యాల్లోనే మాట్లాడుకున్నాం.
ఆయన చివరి మాట:
ఆ ఆరూ మర్చిపోవద్దు, పోయి అడుగు.