మూడో చరణం కాడ

శ్రమ దినాలూ మిర్చి సీజనూ
మాకు ఒక్కసారే వస్తయి.
శనివారం రాత్రి ప్రాక్టీసుకు
ఎనుమాముల యార్డు నుంచి సీదా వచ్చేటోడు సమాధానం,
బనీను మీద ఎర్రటి దుమ్ముతోటి.
తలుపు కాడ ఎంత దులుపుకున్నా
ఆడోళ్ల వరుసంతా తుమ్ములే.
దీనమ్మ పాటల పుస్తకంతోటి విసురుకుంట
"అవుతల నిలబడరాదుర" అనేది.
అవుతలంటే కిటికీ పక్కకు.
అక్కడి నుంచే ఆ బరువు గొంతు
భుజం కింద పెట్టి బస్తా లేపినట్టు
మా అందరి శ్రుతిని లేపేది.

మూడో చరణం సగంల
దగ్గు వచ్చేది ఆయనకు, ప్రతిసారి ఆడనే.
మేం ఆగేటోళ్లం.
పాస్టరుగారు మొదట్ల కసురుకున్నడు,
తర్వాత తర్వాత
ఆ కాసేపు ఆయన కూడా కండ్లు మూసుకునేటోడు.

ఇప్పుడు కీబోర్డు మీద కొత్త పిల్ల, ప్రిస్కిల్ల.
హన్మకొండల క్లాసులకు పోయి నేర్చుకున్నది,
తాళం వెంట్రుకంత తప్పదు.
"అత్తా, ఈడ రెండు మాత్రలు ఎందుకు ఆగుతున్నరు?
పుస్తకంల లేదు గద."

సమాధానం లేడు.
నాలుగేండ్లాయె.

దీనమ్మ దిక్కు చూసిన.
ఆమె పుస్తకం దిక్కు చూసింది.
ఆ పేజీ కుట్టుల ఇరుక్కొని
ఇంకా ఒక మిర్చి గింజ.
"మాకు అట్లనే వచ్చు బిడ్డా" అన్న.

పిల్ల మారు మాట్లాడలే,
పెన్సిలుతోటి చిన్న గీత పెట్టుకున్నది.

గుడ్ ఫ్రైడే నాడు
ఆ గీత కాడ అందరం ఆగినం.
వెనక బెంచీల నుంచి ఎవలో దగ్గిన్రు,
పడుసు గొంతు.
యార్డుల సీజను ఇంకా అయిపోలే.